రెండూ దాపటివే

కాడి రెండోసారి కింద పడింది.

మొండయ్య దాన్ని ఎత్తలేదు. ముల్లుకర్రను గోడకు ఆనించి, తలకు చుట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. నిన్న సాయంత్రం ట్రాలీ ఆటోలోంచి దిగిన కొత్త ఎద్దు వాకిట్లో అడ్డం తిరిగింది. పాత ఎద్దు డొక్కను నెట్టుకుంటూ వెళ్లి దానికి ఎడమ పక్కన నిలబడింది. పాతది జరగలేదు. మొదటిసారి కాడి కింద మెడ పెట్టిన రోజు నుంచి ఎడమ పక్క దానిదే.

“అవ్వా,” అన్నాడు మొండయ్య, అరుగు మీద కూచున్న తల్లి లింగవ్వతో. “గా సంస్థ మేడానికి ఏం చెప్పిందో జర నీ చిన్నకోడల్ని అడుగు.”

చిన్నకోడలు కోమల అక్కడే కొత్త ఎద్దు ముక్కుతాడు పట్టుకుని నిలబడి ఉంది. కోపం వస్తే మొండయ్య తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడడు. చెప్పాల్సింది తల్లికి చెబుతాడు. ఇదివరకు లింగవ్వ ఆ మాటలో కారం కొంత తీసేసి అటు అందించేది. పోయిన చలికాలం భూకంపంలో ఆమె భర్త సిద్దిరాములు పోయిన తర్వాత ఆ పని మానేసింది. ఇప్పుడు మాట ఆమె దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది.

“నా ఎద్దు సచ్చింది, ఎద్దు కావాలని చెప్పిన,” అంది కోమల.

“ఎద్దంటే ఎద్దునే తెచ్చిండ్రు. వాళ్లను ఏమనేది లేదు. ఏ పక్క నడిచేదో అడగలేదా అవ్వా వాళ్లు?”

“అడిగిండ్రు.”

“అడిగితే?”

కోమల ముక్కుతాడును చేతికి ఒక చుట్టు చుట్టుకుంది.

“గిది దాపటెద్దు,” అన్నాడు మొండయ్య. “ఎడమ పక్క నడిచేది. నాది సుత దాపటిదే. సచ్చింది ఎలపటిది. కుడి పక్కకు ఎద్దు లేకనే గదా ఇన్ని నెలల సంది కాడి అటుక మీద పడున్నది. రెండు కాళ్లకు ఎడమ చెప్పులే తొడుక్కొని చేనుకు పోతరా ఎవలన్న?”

వీధిలో పోతున్న వాళ్లెవరో నవ్వారు. మొండయ్య నవ్వలేదు.

భూకంపంలో ఎద్దు పోయినవాళ్లకు ఎద్దును ఇస్తున్న సంస్థ తరఫున వచ్చే దీపిక ఫోన్లో అడిగిన మాట కోమలకు గుర్తుంది. ‘అక్కా, మీ ఎద్దు ఏ పక్క నడిచేది? అంగట్ల బేరం చేసేటప్పుడు చెప్పాలె.’ కోమల అప్పుడు కళ్లు మూసుకుని తను ఎప్పుడూ చూసినట్టే చూసింది. సద్ది మూటతో గెట్టు మీద నిలబడితే, పత్తి సాళ్ల మధ్య గడ్డి కోసే దౌర పట్టుకుని మామ ఎదురుగా వస్తున్నాడు. ఆయన ముందు రెండు ఎడ్లు. తన ఎద్దు తన ఎడమ చేతి వైపు. ‘ఎడమ’ అంది.

ఆ ఊళ్లో ఆడవాళ్లు మేడి ముట్టరు. విత్తనం పెడతారు, కలుపు తీస్తారు, పత్తి ఏరుతారు. ఎడ్ల వెనక నడవరు. పెళ్లయి జొన్నవాగుకు వచ్చినప్పటి నుంచి కోమల ఆ జతను ఎదురుగానే చూసింది. పడిపోయిన గోడకు అవతల ఉన్న బావను ఒక్క మాట అడిగినా సరిపోయేది. ఆ వారం రెండిళ్ల మధ్య మాటలు లేవు.

“ఎదురుంగ చూసి చెప్పిన,” అంది.

“ఏంది?”

“ఎడ్లు నా మొహాన వస్తుంటే చూసిన గని, వాటి ఎనుక నేనెన్నడు నడిచిన? నా ఎడమ దిక్కున్నదాన్ని ఎడమదన్న.”

మొండయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. “విన్నవా అవ్వా?”

లింగవ్వ విన్నదో లేదో తెలియలేదు.

విన్నది యాదవ్వ. మొండయ్య భార్య. చేతిలోని చేట పక్కన పెట్టి, కూలిన గోడ రాళ్లు దాటుకుంటూ ఇవతలికి వచ్చింది.

“తెల్వక చెప్పిందట. తెలిసే చెప్పిందంట నేను. దాపటిది సొంతానికి వచ్చింది. రేపు మస్కట్ నుంచి మొగడు రాంచందర్ పైసలు పంపితే ఎలపటిది తెచ్చుకుంటది. ఆలుమగలకు సొంత జోడు తయారు. ఇగ మనతోని పనేమున్నది?”

“అక్కా, మస్కట్ నుంచి ఏం వస్తున్నదో నీకు తెల్వదా?”

“నాకేం ఎరుక. నీ ఫోన్ల నేను మాట్లాడుతున్ననా?”

సిద్దిరాములు బతికున్నప్పుడే భూమి పంచాడు. ఇల్లు పంచాడు. ఎడ్లను పేరుకు చెరొకటి ఇచ్చి, జతను మాత్రం విడదీయలేదు. ఒకరోజు పెద్దవాడి చేను, మరునాడు చిన్నవాడి చేను. చిన్నవాడు దేశం మీద ఉన్నా చేను ఇక్కడే ఉంది గనుక వంతు తప్పకూడదని పదిమంది ముందు ఇద్దరితో మాట తీసుకున్నాడు. తన ఒంట్లో శక్తి ఉన్నన్ని రోజులు రెండు చేలలోనూ దౌర తనే కొట్టాడు.

“లొల్లి వద్దు,” అన్నాడు మొండయ్య. “ఈమె కొట్టం పడిపోయింది. తాటిపత్రి కింద ఎన్నొద్దులు కడతది ఎద్దును? నా కొట్టంల కట్టుమను అవ్వా. రెండు ఒక్కకాడ తిని, ఒక్కకాడ పంటె ఒకదానికొకటి అలవాటై మర్లుతయి. పదిహేను రోజులల్ల కొత్తదాన్ని ఎలపట నడిపిస్త.”

“పదిహేను రోజులకు గడ్డి పత్తిని మింగుతది బావ.”

“గడ్డి నాకు కనవడ్తలేదా?”

“నీ కొట్టంల కడితే ఎద్దు ఎవరిదైతది?”

మొండయ్య కంటే ముందే యాదవ్వ చెప్పింది. “ఎవలు మేత ఏస్తే వాళ్లది.”

“దాని చెవి బిళ్ల నా పేరు మీదున్నది అక్కా.”

“ఉంటది. నీ ఎద్దు సచ్చింది, నీకు ఎద్దు వచ్చింది. మా ఎద్దు బతికింది, గదే మా తప్పాయె. బాయిల నీళ్లు దిగిపోయినయి. చేను పడావు పడ్డది. సచ్చిన ఎద్దును ఫోటో తీసుకున్నరు, సచ్చిన బాయిని ఎవలన్న తీసుకున్నరా? నీళ్లకు బిళ్ల ఏస్తరా చెవికి?”

ఆ మాటకు కోమల దగ్గర జవాబు లేదు. లేదు గనుకే మరో మాట వచ్చింది.

“మీ ఎద్దు ఎట్ల బతికిందక్కా?” అంది. అక్కడ ఆగి ఉండాల్సింది. “మామ కొట్టంలకు ఉరికి ముందు మీ దాన్నే విప్పిండు. దాన్ని బయటికి తోలి, నా దాని కోసం మళ్ల లోపటికి పోయిండు. గప్పుడు గద గోడ పడ్డది.”

ఆ సంగతి రెండిళ్లలో అందరికీ తెలుసు. ఇన్ని నెలల్లో ఎవరూ పైకి అనలేదు.

లింగవ్వ అరుగు మీద చేయి ఊని లేచింది. చీర కుచ్చిళ్లు దులుపుకుని ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

మొండయ్య కాడిని ఎత్తి కోమల ఇంటి గోడకు ఆనించాడు. తన ఎద్దు పగ్గం పట్టుకుని రాళ్ల మీదుగా అవతలికి నడిపించుకు పోయాడు.

* * *

మధ్యాహ్నం రాంచందర్ ఫోన్ చేశాడు. అక్కడ వాళ్లకు అన్నం వేళ. వెనక ఎవరో హిందీలో అరుస్తున్నారు, ఇనుము మీద ఇనుము పడుతోంది.

“అన్న ఫోన్ చేసిండు,” అన్నాడు.

“ఏమన్నడు?”

“ఏమనలే. అవ్వ మంచిగున్నదా అని అడిగిండు.”

“నీ ఇంటి పక్కనుండే మనిషి నిన్నడుగుతున్నడా అవ్వ సంగతి?”

తండ్రి శవాన్ని రాంచందర్ ఇదే ఫోన్లో చూశాడు. చితి అంటుకున్నాక సిగ్నల్ పోయింది.

“ఎద్దును అన్న కొట్టంల కట్టెయ్యి,” అన్నాడు.

“కట్టేస్తే?”

“ఎద్దు పోతే పోనియ్యి. అన్నతోని మాట పోతే నేను ఇక్కడ ఉండలేను కోమలా. నీకు ఏమన్న అయితే ఉరికొచ్చేది ఆయనే.”

“నాకు ఏమైంది? చేనుకే ఐతున్నది.”

“నేనెట్ల చెప్పాలె నీకు.”

“చెప్పకు. అన్నం తిను.”

ఫోన్ పెట్టేసి ఎద్దుకు నీళ్లు పెట్టింది. తాటిపత్రి కింద అది ఎడమ పక్కకు ఒరిగి నిలబడి ఉంది. కుడి పక్కన ఇంకో ఎద్దు ఉన్నట్టు దానికి చోటు వదిలింది.

దీపిక స్కూటీ మీద వచ్చింది. కరీంనగర్ పిల్ల. ఊళ్లో తిరిగీ తిరిగీ చెప్పులు బయట విడవడం, ఇచ్చిన నీళ్లు తాగడం అలవాటయింది. విషయం అంతా విని చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

“నా తప్పు సుత ఉన్నదక్కా. ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకోవాల్సింది. నాకు తొందరైంది.”

“మార్చుకరాలేవా?”

“తెచ్చినయన్ని పంచేసినం. మళ్ల అంగడికి పోవుడు వచ్చే నెల. గప్పుడు మారుస్త, నా మాట.”

“వచ్చే నెలకు చేన్ల గడ్డే ఉంటది మేడం.”

“గడ్డి మందు?”

“నిరుడు కొట్టిన. గాలికి పక్క సాళ్ల మీద పడి పత్తి మాడింది.”

కోమల గ్లాసు తీసి లోపల పెట్టి వచ్చింది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగింది.

“మా బావ బాయి సంగతి ఏమాయె?”

“ఇంజినీరు మొన్న చూసి పోయిండు గద. భూమి కదిలినప్పుడు ఊట ఎటో మళ్లిందన్నడు. పూడిక తీస్తే నీళ్లు వస్తయో రావో చెప్పలేమన్నడు. బావుల పని దసరా తర్వాతనే మొదలైతది. మీ బావ పేరు ఉంటదా అంటే నేనిప్పుడు ఉంటదని చెప్పలేను.”

“లేదని సుత చెప్పలేవు.”

“చెప్పలేను.”

“గదే చెప్త ఆయనకు.”

“నేను చెప్పన్నా అక్కా?”

“నువ్వు చెప్తే మేడం మాటలంటడు. నేనే చెప్త.”

* * *

మొండయ్య బావి దగ్గర ఉన్నాడు. భూకంపం వచ్చిన పొద్దున తూర్పు వైపు రాతి వరస లోపలికి జారింది. ఆ రాళ్ల మీద ఇప్పుడు పిచ్చి మొక్కలు మొలిచాయి. అతను మోటారు విప్పి గట్టు మీద పెట్టాడు. వైరును మోచేతికి చుట్టుకుంటున్నాడు.

అక్కడ తల్లి లేదు. నేరుగా మాట్లాడుకోక తప్పదు.

“బావ, మేడం వచ్చింది. బాయి సంగతి అడిగిన.”

“నేనడుగుమన్ననా?”

“దసరా తర్వాత చూస్తరట.”

“చూస్తరు. మొన్న సుత చూసిండ్రు. ఒకాయన లోపటికి రాయి ఏసి చెవి పెట్టి విన్నడు. నాకు సుత వినవడ్డది. రాయి మీద రాయి పడ్డ చప్పుడు. దానికి ఇంజినీరు ఎందుకు?”

వైరు చుట్టడం అయింది. దాన్ని మోటారు మీద పెట్టాడు.

“పొద్దున ఒక మాటన్న,” అంది కోమల.

“అన్నవు.”

“అనకపోవాల్సింది.”

“అవద్దమైతే అనొద్దు. జరిగిందే గద.” గట్టు మీద కూచున్నాడు. చాలాసేపు బావిలోకి చూశాడు. “ఎద్దును ఇచ్చేసిన కోమలా.”

ఆమెకు మొదట అర్థం కాలేదు.

“జన్నారం దిక్కు మనిషి. మంచోడే, కోతకు కాదు, చేనుకే. ఆయన దగ్గర ఎలపటిది ఒక్కటే ఉన్నది. ఎల్లుండి వచ్చి తోలుకపోతడు.”

“మరి పొద్దున నా ఎద్దును నీ కొట్టంల కట్టుమంటివి.”

“కట్టేస్తే ఉందునేమో. రెండెడ్లుంటే కిరాయికి దౌర కొట్టుకొని ఈ ఏడు ఎల్లదీద్దమనుకున్న. ఒక్క ఎద్దుతోని ఎండిన బాయికాడ ఏం చెయ్యాలె? మెట్‌పల్లిల పసుపు గోదాంల హమాలీ పని ఉన్నది. యాదవ్వ సుత వస్తనన్నది. రూము చూసుకున్నం.”

“అత్తమ్మ?”

“అడుగు, యాడ ఉంటదో.”

“అడిగితే చెప్తదా?”

“చెప్పది.”

కోమల నిలబడే ఉంది. మబ్బు కమ్మింది గానీ చినుకు పడలేదు. ఈ రెండు రోజులు తెరిపి ఇస్తే చేనులో దౌర నడుస్తుంది. మళ్లీ ముసురు పట్టిందంటే ఎవరి ఎద్దు ఏ పక్క నడిచినా ఒకటే.

“రేపు ఎవరి వంతు బావ?”

మొండయ్య తల ఎత్తాడు. వంతు మాట ఎత్తి చాలా కాలమైంది. వేళ్ల మీద ఏదో లెక్క చూసుకోబోయి మానేశాడు.

“నీదే అనుకో. తోలుకపో. బాపు మాట నేను తప్పను.”

“నువ్వు దౌర పట్టవా?”

“పట్టను.”

“ఎందుకు?”

“రెండు దాపటెడ్లను జోడు కడితే కొత్తది లోపటికి నెడతది. కాడి నా ఎద్దు మెడ మీద ఒరుగుతది. మెడ పుండైతే ఆయన తీసుకోడు. తీసుకోకపోతే నేనిక్కడ్నే పడుంటా. నువ్వు తోలుకపోతే నీ ఇష్టం. నా చేతులతోని మాత్రం చెయ్యను.”

* * *

తెల్లవారి కోమల పాత చీర ఒకటి చింపి మడతలు పెట్టి కాడికి ఎడమ పక్క చుట్టింది. బావ కొట్టంలోకి వెళ్లి ఎద్దును విప్పుకుంది. యాదవ్వ పొయ్యి దగ్గర నుంచి చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం కోమలకు నచ్చలేదు.

దౌర కొట్టడానికి పక్క వీధి రంజిత్‌ను అడిగింది. అతను పళ్లు తోముతూనే తల అడ్డంగా ఊపాడు.

“వద్దు వదినె. రెండు దాపటివంటున్నరు. సాలంత తొక్కిస్తే నన్నే తిడతరు. నువ్వు తిట్టకున్నా మొండన్న తిడతడు.”

చేనులో ఎడ్ల మూతులకు చిక్కాలు కట్టింది, పత్తి ఆకు కొరక్కుండా. కాడి ఎక్కించింది. కొత్తది వెంటనే తల తిప్పింది. మేడి పట్టుకోవాలంటే ముక్కుతాడు వదలాలి. తాడు పట్టుకుంటే మేడి దగ్గర ఎవరూ లేరు. అట్లా నిలబడి ఉండగా గెట్టు మీద లింగవ్వ కనిపించింది.

ఎవరూ పిలవలేదు. చెప్పులు గెట్టు మీద విడిచి చేనులోకి దిగింది. కొత్త ఎద్దు ముందుకు వెళ్లి ముక్కుతాడు అందుకుంది. కోడలి మొహం చూడలేదు.

“అత్తమ్మ, కాళ్ల మీద తొక్కుతది.”

లింగవ్వ తాడును కుదించి పట్టుకుంది. “నడువు,” అంది. ఎద్దుతో.

కోమల వెనక్కి వెళ్లి మేడి పట్టుకుంది. అరచేయి పట్టే చోట కర్ర అరిగి నున్నబడింది. మామ చేయి పెద్దది. తన చేయి ఆ అరుగుదలలో సగానికి వచ్చింది.

మొదటి సాలు పాడైంది. కొత్తది లోపలికి నెట్టింది, పాతది తట్టుకోలేక మొక్కల మీదికి జరిగింది. పత్తి మొక్కలు విరిగిన చప్పుడు కోమలకు వినబడింది. రెండో సాలులో దౌర గడ్డి మీద నుంచి జారిపోయింది. కోయలేదు. పక్క చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తారు.

“ఓ కోమలా,” అని పిలిచింది బుచ్చవ్వ. “దిగు బిడ్డా. ఆడది మేడి పడితే వాన రాదు. రేపు రాకపోతే ఊరంత నిన్నే అంటది.”

“వచ్చిన వానకే గడ్డి ఆగుతలేదు పెద్దవ్వా. ఇంకో వాన ఏం చేసుకుంటవు?”

ఒకామె నవ్వింది. బుచ్చవ్వ నవ్వలేదు. కొంగు నడుముకు చెక్కుకుని మళ్లీ వంగింది.

మూడో సాలులో కొత్త ఎద్దు కొంతదూరం తిన్నగా నడిచింది. లింగవ్వ దాని తలను బయటికి లాగుతూ, తను వెనక్కి వెనక్కి నడుస్తోంది. మడమలకు మట్టిపెళ్లలు తగులుతున్నాయి. సాలు చివర మలుపు దగ్గర కొత్తది మళ్లీ ఎడమకు నెట్టింది. కాడి ఒరిగింది. కోమల ఉరికి వెళ్లి పాత ఎద్దు మెడ చూసింది. చీర మడత పక్కకు జరిగి, కింద చర్మం ఎర్రబడింది. రక్తం లేదు. మడత సర్ది మళ్లీ వెనక్కి వచ్చేసరికి మేడి దగ్గర మొండయ్య ఉన్నాడు.

ఎప్పుడు వచ్చాడో చూడలేదు.

“చేతుల బలం పెడ్తున్నవు,” అన్నాడు. తల్లితో కాదు, ఆమెతోనే. “మేడి మీద ఒరుగొద్దు. ఒరిగితే దౌర పైకి లేస్తది. పక్కకు జరుగు.”

“పట్టనంటివి.”

“పట్టనన్న. నా ఎద్దు మెడ చూస్తే నిద్ర పట్టేటట్టున్నదా నాకు? జరుగు.”

కోమల జరిగింది. మొండయ్య మేడి పట్టుకుని ఏదో అన్నాడు. మాట కాదు, గొంతులో చేసే చప్పుడు. సిద్దిరాములు చేసేవాడు. పాత ఎద్దు చెవులు వెనక్కి తిప్పింది. కొత్తదాని వైపు కర్ర చూపించాడు గానీ కొట్టలేదు. దౌర మట్టిలోకి దిగింది. గడ్డి వేళ్లతో సహా తిరగబడింది.

ఒక సాలు అయింది. ఇంకోటి అయింది. లింగవ్వ ముందు నడుస్తోంది, మొండయ్య వెనక నడుస్తున్నాడు. కోమల విరిగిన మొక్కలను చూసుకుంటూ, బతుకుతాయనుకున్నవాటికి వేళ్ల దగ్గర మట్టి నొక్కుతూ వచ్చింది. పొద్దు ఎక్కేసరికి చేనులో సగం నల్లగా కనబడింది.

“కొత్తది మంచిదే,” అన్నాడు మొండయ్య మలుపు దగ్గర. “మర్లుతది. మర్లేదాక ఒక మనిషి దాని ముందట నడవాలె, గంతే.”

“ఎన్నొద్దులు?”

“చూద్దం.”

ఆ మాట తను ఎందుకన్నాడో అతను ఆలోచించినట్టు లేదు. కోమల ఆలోచించింది. చూద్దమనేది మెట్‌పల్లి పోయే మనిషి అనే మాట కాదు. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయపడింది.

అప్పుడు బాట మీద ట్రాలీ ఆటో ఆగింది.

ముందు యాదవ్వ దిగింది. ఆమె వెనక పంచె కట్టుకున్న మనిషి, భుజం మీద కొత్త పగ్గం. ఇద్దరూ గెట్టు దాకా వచ్చి నిలబడ్డారు. ఆ మనిషి ఎడ్లను చూసి, నడిపిస్తున్న ముసలామెను చూసి, ఏమనాలో తెలియక రామ్ రామ్ పెట్టాడు.

మొండయ్య ఎడ్లను ఆపాడు.

“రేపన్నవు గదనే,” అన్నాడు ఆ మనిషితో.

“వదినె ఫోన్ చేసింది పటేలా. ఇయ్యాల్నే తోలుకపొమ్మన్నది. ఆటో సుత ఆమెనే మాట్లాడింది.”

మొండయ్య భార్య వైపు చూశాడు.

“నేనే చేసిన,” అంది యాదవ్వ. గొంతు పెంచలేదు. “నువ్వు పొద్దున చాయ్ తాగకుండ గిటు దిక్కు నడిచినప్పుడే చేసిన. రేపటిదాక ఉంటే నువ్వు ఇయ్యవని నాకెరుక.”

“ఇంకా సగం చేనున్నది.”

“ఎవల చేను?”

“ఇయ్యాల ఈమె వంతు.”

“అవును. మన వంతు ఎన్నడు?”

పక్క చేనులో ఆడవాళ్లు చేతులు ఆపారు.

“చెప్పు. నేను వింట,” అంది యాదవ్వ. “మన చేన్ల పల్లేరుకాయలు మొలిచినయి. గడ్డివాము అడుగుకచ్చింది. ఎద్దుకు రేపేమేస్తవు? ఈ పత్తి మంచిగ పండుతది. పండనీ, నాకేం కుళ్లు లేదు. పండినంక గీమె మనకు మూటలు పంపుతదా? నువ్వు ఈ చేన్ల దౌర కొడుతుంటే నేను గోదాంల ఒక్కదాన్నే మూటలు మొయ్యాల్నా?”

“అక్కా,” అంది కోమల.

“నువ్వు ఊకో. నిన్ను ఏమంటలేను. నువ్వు నీ చేను కాపాడుకుంటున్నవు. నేను నా ఇల్లు కాపాడుకుంటున్న.”

పగ్గం మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. “నేను మళ్ల వస్త వదినె,” అన్నాడు.

“మళ్ల లేదు. ఉండు.”

యాదవ్వ గెట్టు దిగింది. దౌర తిరగేసిన మట్టిలో పాదాలు దిగబడుతుంటే చీర పైకి పట్టుకుని, సాలుకు అడ్డంగా నడిచి వచ్చి తన ఎద్దు ముందు నిలబడింది. దాని మెడ మీది చీర మడత ఎత్తి చూసింది. ఎర్రబడ్డ చోట వేలు పెట్టింది. ఎద్దు చర్మం అదిరింది.

ఆ పక్కన లింగవ్వ కొత్త ఎద్దు ముక్కుతాడు పట్టుకుని ఉంది. అత్తా కోడళ్ల మధ్య రెండు ఎడ్ల తలలు.

“అత్తా, నువ్వన్న చెప్పు నీ కొడుక్కు,” అంది యాదవ్వ. “నీ నోట్లకెళ్లి ఒక్క మాట రానియ్యి. ఉండుమంటే ఉండుమను. పొమ్మంటే పొమ్మను. నేను ఆయన ఎంబడి నడిచేదాన్నే.”

లింగవ్వ తాడును రెండో చేతిలోకి మార్చుకుంది. పెదవులు కదిలాయి. ఏదైనా అన్నదేమో కోమలకు వినబడలేదు. యాదవ్వకు వినబడి ఉంటే ఆమె మొహంలో తెలియలేదు.

యాదవ్వ తిరిగి భర్త వైపు చూసింది.

“ఎద్దును విప్పుతవా, నేను విప్పాల్నా?”

మొండయ్య మేడి వదల్లేదు. ఎడ్లను అదిలించనూ లేదు.